నేత్ర అంటించిన నల్ల టేపు

నేత్ర కూర్చుని తినగా చూసినవాళ్ళు తక్కువ. ఉద్దనపల్లిలోని ఇంట్లో పొద్దున్నే గడప దగ్గర నిలబడి, ఒక చేత్తో రాగిముద్ద నోట్లో పెట్టుకుంటూ రెండో చేత్తో సంచిలోకి స్క్రూడ్రైవర్లు సర్దుకునేది. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టిందని తల్లి అంజినమ్మ కనబడిన వాళ్ళందరికీ చెప్పేది. ముప్పై ఒకటి దాటినా ఆ మాటలో మార్పు లేదు.

తండ్రి పిల్లప్ప వడ్రంగి. ఒకప్పుడు ఎద్దుల బండ్లకు చక్రాలు చేసిన మనిషి, ఇప్పుడు సూళగిరి ఇండస్ట్రియల్ ఎస్టేటులో యంత్రాలు సర్ది పంపే చెక్కపెట్టెలకు మేకులు కొడుతున్నాడు. పనిముట్టు పట్టుకునే ఒడుపు నేత్రకు ఆయన నుంచే వచ్చింది. ఓపిక మాత్రం రాలేదు. కృష్ణగిరిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, హోసూరు ఫ్యాక్టరీ ఒకదానిలో నాలుగేళ్ళు బెల్టు ముందు కూర్చుంది. నలభై సెకన్లకొక సర్క్యూటు బోర్డు ఎదురుగా వచ్చేది. రెండు చోట్ల టంకం పెట్టి ముందుకు తోసేస్తే మళ్ళీ ఇంకొకటి. అది ఏ యంత్రంలోకి పోతుందో, ఎవరికి పనికొస్తుందో తెలియదు. సాయంత్రానికి అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టు ఉండేది. ఐదో ఏడు మొదలవకముందే మానేసింది.

ఆ తరువాత ఒక ట్రస్టు ఆసుపత్రుల్లో యంత్రాలు బాగుచేసే పనిలో చేరింది. ట్రస్టుకు కృష్ణగిరిలో ఆఫీసు, సామాన్ల గోదాము ఉన్నాయి. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో నాలుగు చిన్న ఆసుపత్రులున్నాయి. ఆసుపత్రి యంత్రాల పని వచ్చా అని ఇంటర్వ్యూలో అడిగితే, సర్క్యూటు వచ్చు, మిగిలింది చూసి నేర్చుకుంటానంది. వాళ్ళకూ అంతకంటే ఎక్కువ చదివినవాళ్ళు దొరకలేదు. మొదటిరోజు గోదాము తలుపు తీసి చూపించారు. నీలం టార్పాలిన్ పట్టా కింద నాలుగేళ్ళుగా చచ్చిన మెషిన్లు పడి ఉన్నాయి. బీపీ చూసే మెషిన్లు, ఉబ్బసం వాళ్ళకు మందు ఆవిరి పట్టేవి, కాన్పు గదిలో బిడ్డ నోట్లోంచి ఉమ్మనీరు లాగేవి. సగం వాటికి ఫ్యూజు మాత్రమే పోయింది. రెండింటికి ఎలుకలు వైర్లు కొరికాయి. ఒకటి పూర్తిగా బాగానే ఉంది, స్విచ్చి ఎక్కడుందో ఎవరికీ తెలియక పక్కన పెట్టేశారు.

ఆరు నెలల్లో ఆ పట్టా ఖాళీ చేసింది నేత్ర. దాంతో పేరు వచ్చింది, పేరుతో పాటు ఫోన్లూ వచ్చాయి. బాగలూరు వైపు ఎక్స్‌రే ఆగిందని ఒకరు, రాయకోట వైపు ఆక్సిజన్ మెషిన్ కూస్తోందని ఇంకొకరు. స్కూటీ మీద హైవే పట్టుకుని లారీల మధ్య అటూ ఇటూ తిరిగేది. ఒక ఆసుపత్రిలో పని సగంలో ఉండగానే ఆమె మనసు తరువాతి ఆసుపత్రి గేటు దగ్గర ఉండేది. తన పనిని తానే ఇలా కొలుచుకునేది: ఈరోజు ఎన్ని చోట్లకు పోయినాను, ఎన్ని మెషిన్లు లేపినాను. ఆ లెక్కలో తప్పేమీ కనబడలేదు ఆమెకు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు, హోసూరు వ్యాపారి ఒకాయన తన తల్లి పేరు మీద మూడు బేబీ వార్మర్లు ఇచ్చాడు. నెలలు నిండకుండానో, బరువు తక్కువగానో పుట్టిన పసికందుల్ని వెచ్చగా ఉంచే మంచాలవి. పైన ఒక హీటరు ఉంటుంది. పావలా బిళ్ళంత సెన్సరును బిడ్డ పొట్ట మీద అంటిస్తారు. ఒళ్ళు చల్లబడితే సెన్సరు ఆ సంగతి చెబుతుంది, హీటరు వేడి పెంచుతుంది. వెచ్చబడితే తగ్గిస్తుంది. పూలదండలతో, ఫోటోలతో సభ జరిగింది. కంపెనీ మనిషి గంటలో మూడింటినీ బిగించి, ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, బెంగళూరు బస్సు దొరకదని వెళ్ళిపోయాడు. నర్సులకు చూపించే మాట ఎవరూ ఎత్తలేదు. నేత్ర కూడా ఎత్తలేదు. కొత్త మెషిన్ కదా, ఏడాదిపాటు తన జోలికి రాదనుకుంది.

వాటిలో రెండు, సూళగిరి దాటాక లోపలికి ఉన్న చిన్న ఆసుపత్రికి వచ్చాయి. అక్కడ కాన్పుల వార్డు చూసేది సెల్వి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పేషంట్లతో అరవంలో, నేత్రతో తెలుగులో మాట్లాడేది. పద్నాలుగు మంచాలకు పగటిపూట ఆమె ఒక్కతే. రెండు వారాలు తిరక్కుండానే ఫోన్ చేసింది. వార్మరు ఊరికే అరుస్తోందని, ఆ అరుపుకు ఒక బాలింత భయపడి బిడ్డను ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తిందని చెప్పింది.

నేత్ర వెళ్ళేసరికి పదకొండు. పన్నెండున్నరకల్లా బాగలూరు వైపు ఆసుపత్రికి చేరాలి, అక్కడ ఎక్స్‌రే కోసం విరిగిన చేయితో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఖాళీ మంచం మీద వార్మరు ఆన్ చేసి, సెన్సరును తన అరచేతిలో పట్టుకుని చూసింది. వేడి పెరగాల్సిన చోట పెరిగింది, తగ్గాల్సిన చోట తగ్గింది. మెషిన్‌లో లోపం లేదంది. మరి ఎందుకు అరుస్తోందని సెల్వి అడిగింది. కొత్తది కదా, కొన్నాళ్ళకు సర్దుకుంటుందని నేత్ర జవాబిచ్చింది. అలా ఎందుకన్నానా అని తరువాత ఆమె తనను తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది. యంత్రాలు సర్దుకోవని ఆమెకు తెలుసు.

"సద్దు కొంచెం తగ్గించేదానికి అయితాదా అక్కా?" అంది సెల్వి. "ఒగామెకు సూది వేస్తా ఉంటే ఇది మొదులుపెడ్తాది. చెయ్యి వణుకుతాది నాకు."

నేత్ర వెనక్కి తిప్పి చూసింది. స్పీకరు ఉన్నచోట చిన్న చిన్న చిల్లులు కనబడ్డాయి. సంచిలోంచి నల్ల టేపు తీసి, రెండు మడతలు వేసి, ఆ చిల్లుల మీద అంటించి బొటనవేలితో గట్టిగా అదిమింది. అలారం మోగించి చూస్తే చిమ్మట కూసినంత వినబడింది. సెల్వి మొహం తేటపడింది. నేత్ర రిజిస్టరులో 'మెషిన్ బాగుంది' అని రాసి సంతకం పెట్టింది. వచ్చినప్పటి నుంచి బండి ఎక్కేదాకా పదకొండు నిమిషాలు. ఆరోజు మూడు చోట్లకు పోయింది.

తొమ్మిది రోజుల తరువాత, గురువారం పగలు, ఆ వార్మరులో ఒక ఆడపిల్ల ఉంది. తల్లి భూమిక బాగలూరు దగ్గర గులాబీల షెడ్డులో పనిచేసేది. మూడు వారాలు ముందే కాన్పయింది, బిడ్డ రెండు కేజీలు లేదు. పక్క గదిలో ఇంకొకామెకు నొప్పులు ముదిరి సెల్వి అక్కడికి పోయింది. ఆమె తిరిగి రావడానికి ముప్పావు గంట పట్టింది. భూమికకు తోడుగా ఉన్న ఆమె అమ్మ, పాలు పట్టిద్దామని బిడ్డ దగ్గరకు పోయి చూస్తే, ఒళ్ళంతా కందగడ్డలా ఎర్రబడింది. పెదవులు ఎండిపోయాయి. కదిపినా బిడ్డ ఏడవలేదు.

డాక్టర్ నమిత పరిగెత్తుకొచ్చి బిడ్డను వేడి కింద నుంచి తప్పించింది. జ్వరం నూట మూడు. గుడ్డలు విప్పి, సెలైన్ పెట్టి, అంబులెన్సులో కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపించింది. నేత్రకు ఫోన్ చేసింది మాత్రం ఆఫీసు వాళ్ళు. నువ్వు బాగుందని రాసిన మెషిన్ బిడ్డను కాల్చేసిందని చెప్పారు. నేత్ర అప్పుడు రాయకోట రోడ్డులో ఉంది. బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, మళ్ళీ పెట్టుకుంది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియలేదు.

ఆసుపత్రికి వచ్చి వార్మరును స్టోర్‌రూములోకి నెట్టుకుపోయింది. మూత విప్పి బోర్డు, హీటరు, సెన్సరు, వైర్లు ఒక్కొక్కటే మీటరు పెట్టి చూసింది. లోపం లేదు. మళ్ళీ మొదటి నుంచి చూసింది. అప్పుడూ లేదు. మూత బిగించి వెనక్కి తిరిగితే నల్ల టేపు ఎదురుగా కనిపించింది. వాకిలి దగ్గర సెల్వి నిలబడి ఉంది. ఇద్దరూ ఆ టేపునే చూశారు, ఒకరి మొహం ఒకరు చూడలేదు. వార్డులో ఎవరో పిలిస్తే సెల్వి వెళ్ళిపోయింది.

నేత్ర గోటితో టేపు అంచు లేపింది. వేడికి జిగురు కరిగి సాగుతూ వచ్చింది. దాన్ని ఉండ చేసి, పనిలో వేసుకునే తెల్లకోటు జేబులో వేసుకుంది. చిల్లుల చుట్టూ మిగిలిన జిగురును గుడ్డతో తుడిచింది. ఇదంతా ఆలోచించి చేసింది కాదు, చెయ్యే చేసేసింది. డాక్టరమ్మ వచ్చి, ఏం జరిగిందో సోమవారానికల్లా రాసి ఇవ్వాలని చెబితే తల ఊపింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె చేతులు ఊరుకోలేదు. బాగానే తిరుగుతున్న మిక్సీ విప్పింది. తండ్రి ఎప్పుడో పక్కన పడేసిన టార్చిలైటు విప్పింది. అంజినమ్మ కంచంలో అన్నం పెట్టి మూడుసార్లు పిలిచింది. చివరికి, ఆ బిడ్డ బతుకుతుందా అని మెల్లగా అడిగింది. ఊళ్ళో అప్పటికే మాట పాకిందన్నమాట. తెలియదంది నేత్ర. మిక్సీకి ఒక స్క్రూ మిగిలిపోయింది, అది ఎక్కడిదో ఎంత వెతికినా దొరకలేదు.

మరునాడు తెల్లవారగానే కృష్ణగిరి బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా సగం దూరం నిలబడే పోయింది. పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డు బయట భూమిక నేలమీద దుప్పటి పరుచుకుని ఉంది. బిడ్డకు జ్వరం దిగిందని, ఇంకా పాలు సరిగా తాగడం లేదని చెప్పింది. నేత్ర కోటు చూసి నర్సు అనుకుంది. మళ్ళీ అలాంటి పెట్టెలో పెడతారా అని భయంగా అడిగింది. నేత్ర ఏదో చెప్పబోయేలోపే భూమిక తనంతట తానే మొదలుపెట్టింది.

"నేను ఆ పక్క మంచంలోనే ఉండినాను సిస్టర్. చిన్నగా కీచుమని సద్దు వస్తానే ఉండె. బయట చెట్లల్లో చిమ్మట అనుకున్నాను. లేచి చూసింటే అయిపోయేది. చూడలేదు."

ఆ తప్పు తనదేనని భూమిక నమ్ముతోంది. జేబులో టేపు ఉండ నేత్ర వేళ్ళకు తగులుతూనే ఉంది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. బిడ్డ బాగుపడుతుందని చెప్పి, బస్‌స్టాండు దాకా నడిచింది. దగ్గరే అయినా ఒక ఆటోకు చెయ్యెత్తి, ఆగాక వద్దంది. ఆ డ్రైవరు ఏదో అన్నాడు, ఆమెకు వినబడలేదు.

మెషిన్‌లో లోపం లేకుండా బిడ్డ ఎలా కాలింది? ఇది తెలియకుండా కాగితం మీద ఏమీ రాయలేననిపించింది. శనివారం ఫోన్ ఆపేసి ఆసుపత్రికి వెళ్ళింది. రెండో వార్మరు వార్డులో ఇంకా వాడుతూనే ఉన్నారు. దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. రోజంతా ఒక్కచోట కూర్చోవడం ఫ్యాక్టరీ మానేశాక ఆమెకు అదే మొదటిసారి. మొదటి గంటలో నాలుగుసార్లు లేవబోయింది. మోకాళ్ళు వాటంతట అవే ఊగేవి. వాటిని రెండు చేతులతో నొక్కి పట్టుకుంది.

వార్మరులో ఒక మగబిడ్డ ఉన్నాడు. పదిగంటలకు వాడి అవ్వ వచ్చి, కొబ్బరినూనె తెచ్చి పొట్టకూ వీపుకూ రాసింది. సెల్వి సెన్సరును మామూలు ప్లాస్టరు ముక్కతో పొట్టమీద అంటించి అటు వెళ్ళింది. నూనె మీద ప్లాస్టరు ఎంతసేపు నిలుస్తుంది? బిడ్డ కాళ్ళు ఆడించాడు. ప్లాస్టరు అంచు లేచింది. పావుగంటకు సెన్సరు జారి పక్కకు, గుడ్డ మీదకు పడిపోయింది.

నేత్ర స్క్రీను చూసింది. సెన్సరు ఇప్పుడు బిడ్డను కొలవడం లేదు, గాలిని కొలుస్తోంది. ఒళ్ళు చల్లబడిందని మెషిన్ నమ్మింది. హీటరు వేడిని చూపే గీతలు ఒక్కొక్కటే పైకెక్కి నిండిపోయాయి. మరుక్షణం అలారం మొదలైంది. ఈ వార్మరుకు టేపు లేదు, వార్డంతా వినబడింది. నేత్ర సెన్సరు తీసి, బిడ్డ పొట్ట తుడిచి, మళ్ళీ అంటించి గట్టిగా పట్టుకుంది. అరుపు ఆగింది. ఆమె చెయ్యి మాత్రం చాలాసేపు అక్కడే ఉంది.

మెషిన్ ఊరికే అరవలేదు. మొదటి రోజు నుంచీ, ప్రతిసారీ, ఇదే చెబుతూ వచ్చింది. స్టోర్‌రూములో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఫోన్‌లో ఒక్కో మాటకూ అర్థం వెతుక్కుంటూ చదివింది. సెన్సరును వెండి రేకులాంటి బిళ్ళతోనే అంటించాలని, అరగంటకొకసారి చెయ్యి పెట్టి చూడాలని, అలారం చిల్లులు మూయకూడదని ఇరవై మూడో పేజీలో ఉంది. ఆ వెండి బిళ్ళల ప్యాకెట్టు పుస్తకం కిందే ఉంది, విప్పకుండా. అది స్టిక్కర్ల ప్యాకెట్టు అనుకున్నారట.

మధ్యాహ్నం సెల్వి అన్నం డబ్బా పట్టుకుని స్టోర్‌రూముకు వచ్చింది. కానీ మూత తీయలేదు. ఆఫీసు వాళ్ళు తనను కూడా పిలిచి అడిగారని చెప్పింది.

"టేపు సంగతి నేను చెప్పలేదు అక్కా."

"ఏంటికి చెప్పలేదు?"

"సద్దు తగ్గించమని అడిగింది నేనే కదా. నీ పేరు చెప్తే, నా పేరూ వస్తాది." డబ్బాను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని మళ్ళీ అంది. "ముప్పావు గంట బిడ్డ దగ్గర లేను నేను. ఆ పక్కగదిలో బిడ్డ మెడకు పేగు చుట్టుకోనుండె. యాడికని పోయేది?"

నేత్ర ఆమెను పక్కన కూర్చోబెట్టి ఇరవై మూడో పేజీ చదివి వినిపించింది. సెల్వి వెండి బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది ఒక్కటి ఎవరైనా చూపించి ఉంటే, అని మాట మధ్యలో ఆపేసింది. ఆ ఎవరైనా ఎవరో ఇద్దరికీ తెలుసు. రిపోర్టులో నర్సు చూసుకోలేదని రాస్తే నేత్ర పని నిలబడుతుంది, అడిగేవాళ్ళుండరు. ఆ ఆలోచన ఆమెకు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. శుక్రవారం బస్సులో వచ్చింది, ఇప్పుడు సెల్వి తినకుండా డబ్బా తీసుకుపోతుంటే కూడా వచ్చింది.

నమిత గదికి పోయి టేపు ఉండను బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మకు మొదట అదేమిటో అర్థం కాలేదు. నేత్ర నిలబడే అంతా చెప్పింది, టేపు అంటించడం, గురువారం తీసి దాచుకోవడం కూడా. నమిత హోసూరు బట్టల కొట్టు వాళ్ళ అమ్మాయి. మాట పెంచే మనిషి కాదు. ఆరోజు మాత్రం ఆమె గొంతు గది దాటి వినిపించింది. అలారానికి టేపు వేయడం తెలియక చేశావనుకుంటాను, టేపు పీకి జేబులో వేసుకోవడం కూడా తెలియకే చేశావా అని అడిగింది.

"కాదు మేడమ్. అది తెలిసే చేసినాను."

నమిత టేపు ఉండను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టింది. తరువాత, ఇదంతా ఇలాగే రాసి ఇమ్మంది, పనిలో ఉంచుతారో లేదో తాను చెప్పలేనంది. సెన్సరు జారడం, నూనె, వెండి బిళ్ళల ప్యాకెట్టు, ఒక్క నర్సుకు పద్నాలుగు మంచాలు, ఇవన్నీ కూడా రాస్తానని నేత్ర అంది. రాయమంది నమిత. ఆ సభలో పూలదండ వేయించుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, అది కూడా రాసుకో అని, కిటికీ వైపు తిరిగిపోయింది.

సోమవారం కాగితం ఇచ్చి, మంగళవారం మళ్ళీ కృష్ణగిరి వెళ్ళింది నేత్ర. ఈసారి కోటు వేసుకోలేదు. బిడ్డ పాలు తాగుతోంది. మరునాడు ఇంటికి పంపుతామన్నారట. భూమిక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేత్ర ఎదురుగా నేలమీద కూర్చుని, తాను నర్సును కాదని, మెషిన్లు బాగుచేసే మనిషినని, ఆ సద్దు చిమ్మటలా వినబడడానికి కారణం తానేనని చెప్పింది. నువ్వు లేచి చూడకపోవడం తప్పు కాదంది.

భూమిక బిడ్డను ఇంకొంచెం దగ్గరకు లాక్కుంది.

"తెలిసే చేసినావా?"

"తెలీక చేసినాను."

"తెలీకపోతే ఏంటికి చేసినావు?"

తొందరలో ఉన్నానని నేత్ర చెప్పవచ్చు. ఇంకో ఆసుపత్రిలో ముసలాయన కూర్చున్నాడని చెప్పవచ్చు. రెండూ నిజమే. అయినా అవి సాకులే. భూమిక బిడ్డ తల మీదకు కొంగు లాగి అటు తిరిగి కూర్చుంది. ఇంక పొమ్మని అననూ లేదు, ఉండమననూ లేదు. నేత్ర కాసేపుండి లేచి వచ్చేసింది.

ట్రస్టు ఆమెను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే మెషిన్లు చూసే దిక్కు లేదన్నది ఒక కారణం, నమిత పట్టుబట్టడం ఇంకొక కారణం. నెల రోజులు ఏ ఆసుపత్రికీ పోకూడదని, కృష్ణగిరి గోదాములోనే ఉండాలని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ నెల ఆమెకు బెల్టు ముందు గడిపిన నాలుగేళ్ళ కంటే పొడుగనిపించింది. ఫోన్లు రావడం ఆగిపోయింది. గోదాములో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. నడిచి నడిచి, చివరికి షెల్ఫుల్లో ఉన్న ఇంగ్లీషు పుస్తకాలన్నీ కిందికి దించింది. ఆ ఆసుపత్రుల్లో ఉన్న ప్రతి మెషిన్ పుస్తకమూ చదవడం మొదలుపెట్టింది. తాను లేపిన మెషిన్లలో మూడింటిని సరిగా పరీక్షించకుండానే 'బాగుంది' అని రాసినట్టు అప్పుడు తెలిసింది. ఫోన్ చేసి, తాను చెప్పేదాకా వాటిని వాడవద్దని ఆయా వార్డులకు చెప్పింది. ఒక చోట నర్సు నవ్వింది. ఇంకో చోట తిట్టారు.

వార్మర్ల కంపెనీకి తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. పదోసారి ఒక మనిషిని హోసూరుకు పంపారు. ఈసారి బస్సు దొరకదన్నా వదల్లేదు. రెండు రోజులు కూర్చోబెట్టి, ప్రతి మీటా ఎందుకుందో అడిగి రాసుకుంది.

నెల గడిచాక నర్సులకు నేర్పిస్తానంటే ట్రస్టు ఒప్పుకుంది. మొదటి క్లాసు పాడైపోయింది. నాలుగు ఆసుపత్రుల నుంచి పదకొండు మంది వచ్చారు. డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నేత్ర బోర్డు మీద సర్క్యూటు గీసింది, ఉన్నదంతా ఒక్క గంటలో చెప్పేయాలని పరుగులు పెట్టింది. డిప్లొమా చదివిన మనిషి నర్సింగు చదివిన తమకు బిడ్డల సంగతి చెప్పడమేమిటని ఒక పెద్ద సిస్టర్ అరవంలో పక్కామెతో అంది. నేత్రకు వినబడింది. సుద్దముక్క ఆగింది.

వెనక వరుసలోంచి సెల్వి లేచి ముందుకొచ్చింది. వేడినీళ్ళ రబ్బరు సంచిని పాతగుడ్డలో చుట్టి వార్మరులో పడుకోబెట్టింది. దాని మీద నూనె రాసి, సెన్సరును మామూలు ప్లాస్టరుతో అంటించింది. "అందరూ గడియారం చూడండి," అంది. "ఆరోజు ఇట్లనే అంటించి పోయినాను నేను." సెన్సరును వేలితో పక్కకు జార్చింది. హీటరు గీతలు పైకెక్కాయి. చెయ్యి కింద పెట్టి చూడమని ఆ పెద్ద సిస్టరును పిలిచింది. ఆమె చెయ్యి పెట్టి, కాసేపటికి వెనక్కి తీసుకుంది. ఇంకో రెండుసార్లు చేసి చూపించమని ఆమే అడిగింది.

ఆ తరువాత నేత్ర బోర్డు మీద ఏమీ గీయలేదు. ఏ మెషిన్ నేర్పినా ముందు దాన్ని పాడుచేసి చూపించేది. గొట్టం ఊడదీసి, ఫిల్టరు మూసి, కరెంటు ఆపి, ఇప్పుడు ఏం వినబడుతోంది, ఏం కనబడుతోంది అని వాళ్ళనే అడిగేది. వాళ్ళు చెప్పేది వినడం ఆమెకు కష్టంగానే ఉండేది. మాట పూర్తికాకముందే అందుకోబోయి ఆగిపోయేది. రోజుకొక ఆసుపత్రికే పోతానని పట్టుబట్టింది. ట్రస్టు వాళ్ళు విసుక్కున్నారు. రెండేళ్ళకు ఇంకొక టెక్నీషియనును తీసుకున్నారు, సెల్వి ఉన్నచోట పగటిపూట రెండో నర్సును మాత్రం ఇంకా ఇవ్వలేదు.

భూమిక బిడ్డకు టీకాలు వేయించడానికి అదే ఆసుపత్రికి వస్తుంటుంది. బిడ్డ బాగానే ఎదుగుతోంది, అందరికంటే నెల ఆలస్యంగా అయినా నడిచింది. దానికీ ఆ వేడికీ సంబంధం ఉందో లేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. భూమిక సెల్వితో మాట్లాడుతుంది. నేత్ర వరండాలో ఎదురుపడితే, చూపు తిప్పుకోదు, నవ్వదు. నేత్ర దారి ఇచ్చి నిలబడుతుంది.

మొన్న శ్రావణంలో సెల్వి ఫోన్ చేసింది. కొత్త ఆక్సిజన్ మెషిన్ ఒకటి వ్యానులో వచ్చిందని, తెచ్చిన మనిషి సంతకం పెట్టమని తొందర పెడుతున్నాడని చెప్పింది. "చూపించకుండా పెట్టనని చెప్పినాను అక్కా. వ్యాను గేటు దగ్గరే ఉండాది. ఆయనకు కోపం వస్తా ఉండాది." నువ్వు చెప్పింది సరేనంది నేత్ర. ఆ మెషిన్ పేరు అడిగి రాసుకుంది. ఆ రకం తానెప్పుడూ విప్పి చూడలేదు. ఆ సంగతి సెల్వికి చెప్పి, వ్యాను మనిషిని కదలనివ్వొద్దని, అతను చూపించేది తానూ పక్కన కూర్చుని నేర్చుకోవాలని అంది. ఫోన్ పెట్టేసేసరికే ఆమె ఆఫీసు మెట్లు సగం దిగింది. బండి తాళం పైనే మరిచిపోయి, మళ్ళీ ఎక్కింది.